కాళ్లు పట్టే పనికి యాప్ ఎందుకు?

పోయిన వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక గిన్నెలు సర్దుకుంటుంటే మా తోడికోడలు వచ్చింది. వాళ్ల ఇల్లు మా వీధి చివరే. ఎప్పుడొచ్చినా తిన్నగా వంటింట్లోకి వచ్చి ముక్కాలి పీట లాక్కుని కూర్చునే మనిషి, ఆ రోజు నిలబడే ఫోను నా చేతిలో పెట్టింది. "అక్కా, ఈ నాలుగు యాప్‌ల్లో ఏది తీసుకోమంటావు? నువ్వేది చెప్తే అదే" అంది.

నాకేం తెలుసు యాప్‌ల సంగతి! పాలప్యాకెట్ల లెక్క ఇప్పటికీ గోడ క్యాలెండర్ మీద గీతలు పెట్టి చూసుకునేదాన్ని. కానీ ఆ అమ్మాయి అడిగిన తీరు చూస్తే, కాదని పంపించబుద్ధి కాలేదు. తర్వాత నెలన్నర పాటు ఇద్దరం కలిసి ఆ పని మీద కూర్చున్నాం. ఆ నెలన్నరలో నాకో గట్టి అభిప్రాయం ఏర్పడింది. ఇంట్లోనే చిన్న పని పెట్టుకున్న ఆడవాళ్లు మనలో చాలామంది ఉన్నారు కదా, వాళ్లకి పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

ముందు తన పని గురించి చెప్పాలి. తను రిఫ్లెక్సాలజీ చేస్తుంది. అంటే పాదాల్లో, కొంతవరకు చేతుల్లో, కొన్ని చోట్ల బొటనవేలితో లెక్కగా ఒత్తిడి పెట్టడం. ఈ పద్ధతి మనకి అమెరికా నుంచి వచ్చింది. విలియం ఫిట్జ్‌గెరాల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు గత శతాబ్దం మొదట్లో జోన్ థెరపీ అని ఒకటి మొదలుపెడితే, 1930ల్లో యూనిస్ ఇంగ్‌హామ్ అనే ఫిజియోథెరపిస్టు దాన్ని పాదాల మీదకి తెచ్చి, ఏ చోటు ఏ అవయవానికి చెందుతుందో పటాలు గీసింది. ఆ పటాల ప్రకారం నిజంగా జబ్బులు తగ్గుతాయనడానికి గట్టి రుజువులు లేవు. ఆ మాట మా తోడికోడలే వచ్చినవాళ్లతో ముందు చెబుతుంది. "మందులు మానకండి, డాక్టరు దగ్గరికి వెళ్లడం మానకండి. నా దగ్గర ఒక ముప్పావుగంట కాళ్లకి హాయిగా ఉంటుంది, రాత్రి కాస్త నిద్ర పడితే మీ అదృష్టం" అంటుంది. ఆ నిజాయితీ వల్లే తన దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తారని నా నమ్మకం.

పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్లిపోయాక కోర్సు నేర్చుకుంది. మొదటి పేషెంటు మా అత్తగారే. పేషెంటు అనకూడదట, క్లయింటు అనాలట! ఆవిడ కాళ్లు ఒత్తినంత కాలం ఊరంతా "ఎంత మంచి కోడలో" అన్నారు. ముందుగదిలో కుర్చీ వేసి, బయటివాళ్ల దగ్గర ఐదొందలు తీసుకోవడం మొదలుపెట్టాక మాత్రం అదే నోళ్లు "కాళ్లు పట్టి డబ్బులు తీసుకోవడమేమిటమ్మా" అన్నాయి. ఉచితంగా చేస్తే సేవ, డబ్బు తీసుకుంటే చిన్నతనం. ఆడవాళ్ల పనులన్నిటికీ ఇదే లెక్క.

సరే, యాప్‌ల దగ్గరికి వస్తాను. ఆ ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ సలహాలు ఇచ్చారు. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అబ్బాయి వీడియో కాల్‌లో "పిన్నీ, బయటి దేశాల్లో ఇలాంటి ప్రాక్టీసులకి ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఆస్ట్రేలియా వాళ్లది క్లినికో, కెనడా వాళ్లది జేన్. అపాయింట్‌మెంట్లు, నోట్సు, బిల్లులు అన్నీ ఒకే చోట" అన్నాడు. బ్యాంకులో రిటైరైన మా వారు "అవన్నీ ఎందుకు, ఎక్సెల్ షీటు ఒకటి చేసిస్తాను, జీవితాంతం పనికొస్తుంది" అన్నారు. మా మరిది పేపరు మడుస్తూ, నవ్వుతూనే, "కాళ్లు పట్టే పనికి యాప్ ఎందుకు వదినా? నోట్‌బుక్కు ఉందిగా" అన్నాడు.

అతను చెడ్డవాడు కాడు. ఊరికే అన్న మాట. కానీ మా తోడికోడలు కళ్లు కిందికి దించుకుంది. నేను చూశాను.

ఆలోచిస్తే, ముగ్గురూ పనిముట్టు గురించే మాట్లాడారు. ఆ పని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎలా నడుస్తుందో ఒక్కరూ అడగలేదు. కొత్త మిక్సీ కొనేటప్పుడు కూడా మనం ఇంట్లో ఏం రుబ్బుతాం, ఎంతమందికి రుబ్బుతాం అని చూసుకుంటాం కదా. అందుకని నేను మూడు రోజులు పని చూసుకుని మధ్యాహ్నాలు తన ముందుగదిలో ఒక మూల కూర్చున్నాను. మనుషులు వచ్చినప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని, వాళ్ల మాటలు నాకెందుకని.

తన పాత పద్ధతి ఇదీ. ఎవరు ఎప్పుడు వస్తారో గోడ క్యాలెండర్ మీద తేదీ గళ్లలో పెన్సిల్‌తో రాస్తుంది. వచ్చినవాళ్ల సంగతులు రెండువందల పేజీల లాంగ్ నోట్‌బుక్‌లో రోజువారీగా రాస్తుంది. ఫోన్లు, మెసేజీలు సగం తన ఫోనుకి, సగం మా మరిది ఫోనుకి వస్తాయి. మొదట్లో బోర్డు మీద ఆయన నంబరే వేయించారు మరి. డబ్బులకి గోడ మీద క్యూఆర్ కోడ్ ఉంది. అది కూడా మా మరిది బ్యాంకు ఖాతాదే.

పైకి చూస్తే అన్నీ సక్రమంగానే ఉన్నాయి. మరి యాప్ కావాలని ఎందుకు అనిపించింది? రెండో రోజు, ఎవరూ లేనప్పుడు, తనే చెప్పింది.

మొదటిది వేడినీళ్ల సంగతి. పని మొదలుపెట్టే ముందు తను పాదాలు గోరువెచ్చని నీళ్ల టబ్బులో పెట్టిస్తుంది. ఒక పెద్దావిడ, షుగరు మనిషి, మొదటిసారి వచ్చినప్పుడు "నాకు అరికాళ్లు మొద్దుబారి ఉంటాయమ్మా" అని చెప్పింది. తను నోట్‌బుక్‌లో రాసుకుంది కూడా. నాలుగు నెలల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చింది. ఆ మాట ఎక్కడో ఎనభయ్యో పేజీలో ఉంది. తనకి గుర్తు లేదు, ఆవిడ చెప్పలేదు. ఆ రోజు నీళ్లు కొంచెం ఎక్కువ వేడిగా ఉన్నాయి. పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లకి వేడి తెలియదు కదా, ఆవిడ హాయిగా కూర్చునే ఉంది. మర్నాడు కాలి పక్కన చిన్న బొబ్బ. షుగరు ఉన్నవాళ్లకి పాదం మీద చిన్న పుండు కూడా ఎంత దూరం తీసుకెళ్తుందో మనందరికీ ఎవరో ఒక చుట్టం ద్వారా తెలిసే ఉంటుంది. దేవుడి దయవల్ల వెంటనే డాక్టరుకి చూపిస్తే మానిపోయింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. కానీ మా తోడికోడలు వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదట. "రాసుకున్నానక్కా. రాసుకుని కూడా మర్చిపోయాను" అంది.

రెండోది ఇంకా నొప్పించే విషయం. పక్క వీధిలో ఒక కొత్త కోడలు వచ్చేది. కడుపు పోయి రెండు నెలలైంది. ఆ సంగతి పుట్టింట్లో తప్ప ఎక్కడా చెప్పుకోలేదు. ఇక్కడ కుర్చీలో కూర్చుంటే మాత్రం కళ్లనీళ్లు పెట్టుకునేది. ఒక రోజు "అక్కా, మళ్లీ నెలసరి మొదలైంది, ఈ వారం రావచ్చా? దాని తర్వాత ఇదే మొదటిసారి" అని మెసేజ్ పెట్టింది. బోర్డు మీదున్న నంబరుకి పెట్టింది. అది మా మరిది ఫోను. ఆయన స్నానానికి వెళ్లాడు. ఫోను హాల్లో ఉంది. చిన్నవాడు "అమ్మా, నీకేదో మెసేజ్" అని అందరి ముందూ పైకి చదివేశాడు. అప్పుడు హాల్లో చుట్టాలున్నారు, వాళ్లలో ఒకావిడకి ఆ వీధంతా తెలుసు. ఆ అమ్మాయి తర్వాత రాలేదు. ఎందుకు రాలేదో మేం అడగలేదు, అడిగే మొహం లేదు.

ఇది విన్నాక నాకు ఒకటి అర్థమైంది. ఏ యాప్‌లో ఎన్ని సదుపాయాలున్నాయి అని మొదలుపెడితే మనం ఎటూ తేలం. అడగాల్సినవి వేరే ఉన్నాయి. నేను ఏది మర్చిపోతే ఎదుటి మనిషికి దెబ్బ తగులుతుంది? నా దగ్గరున్న ఏ మాట బయటికి పొక్కితే ఆ మనిషి పరువు పోతుంది? ఈ రెండిటికీ జవాబు చెప్పని యాప్ బంగారంతో చేసినా మనకి వద్దు. లెక్కలు, బిల్లులు, రంగురంగుల గ్రాఫులు ఆ తర్వాత సంగతి.

అలాగని మా అబ్బాయి మాట తోసిపారేయలేదు. వాడు చూపించినవాటిలోంచి కాకుండా ఇంకో కంపెనీది, ఒక పెద్ద సాఫ్ట్‌వేరు, పదిహేను రోజులు ఉచితం అంటే పెట్టి చూశాం. చాలా అందంగా ఉంది. కానీ మొదటి పేజీలోనే ఆగిపోయాం. కొత్త మనిషి పేరు రాయగానే "రోగ నిర్ధారణ" అని ఒక గడి, "చికిత్సా ప్రణాళిక" అని ఇంకో గడి. రెండూ నింపితేగాని ముందుకి పోదు. మా తోడికోడలు చెయ్యి వెనక్కి తీసుకుని "నేను డాక్టర్ని కాదు కదక్కా, ఇందులో ఏం రాయను?" అంది. నాకు చాలా ముచ్చటేసింది. పనిముట్టు మనల్ని మనం కానిదానిగా మారుస్తుంటే ఆ పనిముట్టు మనది కాదు. ఈ రోజు గడి నింపడం కోసం ఏదో ఒకటి రాస్తాం, రేపు అదే నోటితో చెప్పడం మొదలుపెడతాం. తర్వాత ఎవరో అమాయకురాలు మన మాట నమ్మి మాత్రలు మానేస్తుంది.

ఇంకో సంగతి కూడా చూశాం. రాసిన వివరాలన్నీ బయటికి తీసుకునే దారి ఎక్కడుందని వెతికితే, డబ్బు కట్టినవాళ్లకే అని వచ్చింది. మన అటక మీద సామాను దించుకోవడానికి మనమే అద్దె కట్టినట్టు! అక్కడితో దానికి నమస్కారం పెట్టేశాం. అప్పటినుంచి మాకో నియమం. ఏ యాప్ అయినా సరే, అందులో నాలుగు అబద్ధపు పేర్లు ఎక్కించి, వాటిని ఒక ఫైలుగా బయటికి తీసి, ఫోనులో తెరిచి చూడాలి. తెరుచుకుంటేనే అసలు పేర్లు ఎక్కించాలి.

మరి చివరికి ఏం పెట్టుకున్నాం? మన వంటింట్లో పోపులపెట్టె ఉంటుంది చూడండి. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిర్చి, దేని గిన్నె దానిదే. అన్నీ ఒకే పెట్టెలో ఉన్నా ఒకదాన్లో ఒకటి కలవవు. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా కావలసింది అందుతుంది. అలాగే చేశాం. మొత్తం నాలుగు గిన్నెలు.

మొదటి గిన్నె, మాటలు. తన పేరు మీద కొత్త సిమ్ తీసుకుంది. పాత ఫోనులోనే రెండో సిమ్‌గా వేసి, ఆ నంబరుతో వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంది. ఇది 2018లో వచ్చింది, చిన్న వ్యాపారాలకి ఉచితం, మామూలు వాట్సాప్ పక్కనే ఉంటుంది. పనివేళలు పెట్టుకోవచ్చు. రాత్రి తొమ్మిది దాటాక మెసేజ్ వస్తే "రేపు పొద్దున చూసి చెప్తానండి" అని దానంతటదే జవాబు వెళ్తుంది. రోజూ టైపు చేసే "అన్నం తిన్న వెంటనే రాకండి, గంటన్నా ఆగి రండి" లాంటి మాటలు ఒకసారి దాచుకుంటే మళ్లీ మళ్లీ రాయక్కర్లేదు. బోర్డు మీద నంబరు మార్పించాం. ఫోను తాళం వేసి ఉన్నప్పుడు మెసేజ్‌లో ఏముందో పైకి కనిపించకుండా సెట్టింగ్ మార్చాం. వాట్సాప్‌లో "లింక్డ్ డివైసెస్" అని ఉంటుంది, అది తెరిచి చూస్తే మన మెసేజీలు ఇంకే కంప్యూటర్లో తెరిచి ఉన్నాయో తెలుస్తుంది. మేం చూస్తే పిల్లల ల్యాప్‌టాప్‌లో తన పాత వాట్సాప్ తెరిచే ఉంది! మీరూ ఒకసారి చూసుకోండి.

రెండో గిన్నె, వేళలు. గూగుల్ క్యాలెండర్. గోడ క్యాలెండర్ తీసెయ్యలేదు లెండి, తిథులకీ వర్జ్యానికీ అది ఉండాల్సిందే. వారం వారం వచ్చేవాళ్లని ఒకసారి పెడితే చాలు, అదే ప్రతివారం వస్తుంది. గంట ముందు గుర్తు చేస్తుంది. పైగా, వివరాలు కనిపించకుండా "ఖాళీ లేదు" అన్నది మాత్రమే ఇంట్లోవాళ్లకి కనిపించేలా పంచుకోవచ్చు. ఇప్పుడు మా మరిది స్నేహితుల్ని పిలిచే ముందు ఫోను చూసుకుంటున్నాడు, ముందుగది ఖాళీగా ఉందో లేదోనని. ఎవరున్నారో ఆయనకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

మూడో గిన్నె, వచ్చినవాళ్ల ఒంటి సంగతులు. దీనికి మేం యాప్ పెట్టలేదు. నవ్వకండి. అట్టకార్డులు కొన్నాం. మనిషికొక కార్డు, అక్షర క్రమంలో ఒక డబ్బాలో, ఆ డబ్బా బీరువాలో, తాళం తన మంగళసూత్రాల పక్కన పిన్నీసుకి. పాత నోట్‌బుక్‌లో తప్పు ఏమిటంటే అది తేదీల ప్రకారం ఉంది, మనుషుల ప్రకారం లేదు. కాగితం మీద రాయడంలో తప్పు లేదు. కార్డులో మొదటి గీత కిందే ఐదు ప్రశ్నలు. షుగరు ఉందా, పాదాలకి స్పర్శ తెలుస్తుందా? పాదం మీద పుండు గానీ పగులు గానీ ఉందా? కాలిలో రక్తం గడ్డకట్టిందని డాక్టరు ఎప్పుడైనా చెప్పారా? రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? గర్భవతా? వీటిలో దేనికి అవునన్నా డాక్టర్ని అడిగి రమ్మంటుంది, అంతవరకు చెయ్యి వెయ్యదు. ప్రతిసారీ వచ్చినప్పుడు ఆ ఐదూ మళ్లీ అడుగుతుంది, ఎందుకంటే నాలుగు నెలల్లో ఒళ్లు మారిపోతుంది.

క్యాలెండర్‌కీ కార్డుకీ ఒక చిన్న ముడి వేశాం. జాగ్రత్త పడాల్సిన మనిషి పేరు క్యాలెండర్‌లో ఎర్ర రంగులో ఉంటుంది. అంతే, జబ్బు పేరు ఉండదు. ఎరుపు కనిపిస్తే ముందు బీరువా తెరవాలి, ఆ తర్వాతే నీళ్లు పొయ్యి మీద పెట్టాలి. ఫోను ఎవరి చేతిలో పడ్డా వాళ్లకి కనిపించేది ఒక రంగు మాత్రమే.

నాలుగో గిన్నె, డబ్బు. ఇక్కడ మా వారికి అవకాశం వచ్చింది. ఆయన చేసిచ్చిన షీటునే గూగుల్ షీట్స్‌లో పెట్టుకుంది. తేదీ, ఎంత వచ్చింది, ఎలా వచ్చింది, ఖర్చు. నాలుగే గళ్లు. పేర్లు లేవు. ఆయన పదహారు గళ్లు పెట్టి తెచ్చారు, పన్నెండు తీసేయించాను. రిటైరైన బ్యాంకు మనిషి దగ్గర గళ్లు తీసేయించడం ఎంత కష్టమో నన్నడగండి!

కానీ అసలు మార్పు షీటుది కాదు, క్యూఆర్ కోడ్‌ది. తన పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతా ఎప్పుడో పెళ్లైన కొత్తలో తెరిచింది, దాన్ని బతికించి, ఆ ఖాతాకి కొత్త క్యూఆర్ కోడ్ తీసుకుంది. నెల తిరిగాక షీటు ముందు కూర్చున్నాం. అంతకుముందు "నెలకెంత వస్తుంది?" అని అడిగితే "ఏదో పది, పన్నెండు వేలు అక్కా, కూరగాయల ఖర్చుకి" అనేది. రోజుకి సగటున ముగ్గురు, నెలకి ఇరవై రెండు రోజులు, తలా ఐదొందలు. ముప్ఫై మూడు వేలు. నూనె, తువ్వాళ్లు, కరెంటు, సిమ్ రీఛార్జి పోను ఇరవై ఎనిమిది వేల పైచిలుకు మిగిలింది. తను షీటు వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లూ ఆ డబ్బు ఎవరూ దోచుకోలేదు. ఇంటి ఖర్చులకే, పిల్లల ఫీజులకే వెళ్లింది. కానీ తన డబ్బు తనకే కనిపించలేదు. ఇంకొకరి ఖాతాలో కలిసిపోయిన నీళ్లలాంటిదది.

మా మరిదికి చూపిస్తే ఆయనా ఆశ్చర్యపోయాడు. కాసేపాగి "నీ ముందుగదికి ఒక చిన్న ఏసీ పెట్టిద్దామా?" అన్నాడు. క్షమాపణ చెప్పడం రాని మగవాళ్లు క్షమాపణ చెప్పే పద్ధతి అది. నేను లెక్కలో వేసుకున్నాను.

ఇక్కడ ఇంకో భయం కూడా తీర్చాలి. డబ్బు ఖాతాలో కనిపిస్తే జీఎస్టీ వాళ్లు పట్టుకుంటారని చాలామంది ఆడవాళ్లు భయపడి నగదే తీసుకుంటారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి సేవలకి ఏడాదికి 20 లక్షల వసూళ్లు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ మాట. మా తోడికోడలి ఏడాది లెక్క నాలుగు లక్షల లోపు. ఆదాయపు పన్ను సంగతి వేరే, దానికి ఒకసారి ఆడిటర్ని అడగండి. అడగడానికైనా చేతిలో లెక్క ఉండాలి కదా.

"ఇదంతా ఉచితాలతో అతికించిన బొంత. డబ్బు పెట్టి కొన్నదే మేలు" అనేవాళ్లుంటారు. మా అబ్బాయి అదే అన్నాడు. వాడి మాటలో నిజం లేకపోలేదు. రేపు తను ఇంకో ఇద్దర్ని పనిలో పెట్టుకుంటే, రెండు కుర్చీలు వేస్తే, పది సిట్టింగుల ప్యాకేజీలు అమ్మితే ఈ బొంత చాలదు. ఎవరి దగ్గర ఎవరున్నారో, ఎవరికి ఎన్ని మిగిలాయో చేత్తో చూసుకోలేం. అప్పుడు డబ్బు కట్టి ఒక మంచి సాఫ్ట్‌వేర్ తీసుకోవాల్సిందే. అప్పుడైనా కార్డు నంబరు ఇచ్చేముందు నెల నెలా దానంతటదే కట్ అవుతుందా, ఎలా ఆపాలి అని చూసుకోవాలి. అలా కట్ అయ్యే 24 గంటల ముందు మనకి మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. ఆ మెసేజ్ ఎవరి ఫోనుకి వస్తోందో కూడా చూసుకోండి!

రోజుకి ముగ్గురు వచ్చే ముందుగదికి మాత్రం అంత హంగు అక్కర్లేదని నా అభిప్రాయం. నలుగురున్న ఇంట్లో పెళ్లివారి గుండిగ పెట్టుకుంటే, తోముకోలేక మన నడుమే పోతుంది.

ఇంకో మాట. 2023లో మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణకి ఒక చట్టం చేశారు. ఎదుటివాళ్ల వివరాలు ఎందుకు తీసుకుంటున్నామో చెప్పాలి, వాళ్ల ఒప్పుకోలు ఉండాలి, వద్దంటే వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకి ఉండాలి అన్నది దాని సారం. మా తోడికోడలు చట్టం చదవలేదు. కానీ ఇప్పుడు కొత్తవాళ్లు రాగానే కార్డు చూపించి "ఇందులో రాసింది నేను తప్ప ఎవరూ చూడరు. మీరు ఇక రానంటే ఈ కార్డు మీ చేతికే ఇచ్చేస్తాను" అని చెబుతోంది. ఆ కొత్త కోడలి సంగతి తన గుండెలో ముల్లులా ఉండిపోయింది. చట్టం చెప్పేది కూడా చివరికి ఇదే కదా. ఒకరు నమ్మి మన చెవిలో వేసిన మాట మన సొత్తు కాదు, మన దగ్గర దాచిన వాళ్ల సొమ్ము.

అందుకే నా అభిప్రాయం ఒక్కటే. కుట్టుమిషను పెట్టుకున్నా, పచ్చళ్లు అమ్మినా, ట్యూషన్లు చెప్పినా, కాళ్లు పట్టినా, మీ పనికి పనిముట్టు ఎంచుకునే రోజు వస్తే ముందు మీ పనిని మీరు గౌరవించి ఒక రోజంతా గమనించండి. నంబరు మీ పేరు మీద ఉందా, ఖాతా మీ పేరు మీద ఉందా, పాస్‌వర్డు మీకు తెలుసా, ఇంట్లో పిల్లలు ఊళ్లో లేకపోయినా మీరే తెరిచి మూయగలరా అని చూసుకోండి. అవి ఉన్నాయంటే ఏ యాప్ అయినా ఫరవాలేదు. అవి లేనప్పుడు ఎంత ఖరీదైన యాప్ అయినా అది వేరొకరి ఇంటి తాళమే.

మొన్న శుక్రవారం సాయంత్రం తన ఇంటికి వెళ్లాను. ముందుగదిలో ఎవరో ఉన్నట్టున్నారు, తలుపు వేసి ఉంది. గుమ్మం బయట మా మరిది చుట్టాలెవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "కాస్త మెల్లగా, లోపల మా ఆవిడ పనిలో ఉంది" అన్నాడు.

పనిలో ఉంది! ఆ ఒక్క మాట కోసమే ఇదంతా చేశామేమో అనిపించింది. మీ ఇంట్లో ఆ మాట ఎవరైనా అన్నారా? అనకపోతే, ముందు బోర్డు మీద నంబరు ఎవరిదో చూడండి.